పాటగాళ్ల కుస్తీ

మైకు పట్టుకోవాల్సిన చేతులు మెడ పట్టుకున్నాయి. పాట పాడి చప్పట్లు కొట్టించుకోవాల్సినవాళ్లు ఒకరినొకరు ఎత్తి కుదేశారు. అదీ వీడియోగేమ్‌లో! ఇరవై ఏళ్ల కిందట కుర్రకారుని టీవీల ముందు కట్టిపడేసిన ‘డెఫ్ జామ్’ ఆటల కథ ఇది. న్యూయార్క్‌లో పుట్టి, జపాన్‌లో పెరిగి, మన ఊళ్ల దాకా వచ్చింది.

ఊళ్లో జాతర. స్టేజీ మీద బుర్రకథ మంచి పట్టులో ఉంది. ఉన్నట్టుండి కథకుడు తంబుర పక్కన పెట్టేశాడు. వంతపాడుతున్నాయన నడుం పట్టుకుని గిర్రున తిప్పి కింద పడేశాడు. రెండో ఆయన మాత్రం ఊరుకుంటాడా? గుమ్మెట వదిలేసి పంచె ఎగ్గట్టాడు. ముందు వరసలో కూర్చున్న జనం ‘కొట్టు... కొట్టు’ అని ఈలలు...

ఊహించుకుంటేనే నవ్వొస్తోంది కదూ! సరిగ్గా ఇలాంటి ఊహనే 2003లో ఓ పెద్ద కంపెనీ డిస్కులో పెట్టి అమ్మింది. ఆ ఆట పేరు ‘డెఫ్ జామ్ వెండెట్టా’. అందులో కొట్టుకునేవాళ్లు పహిల్వాన్లు కాదు, అమెరికాలో పేరున్న ర్యాప్ గాయకులు. డీఎంఎక్స్, మెథడ్‌మ్యాన్, రెడ్‌మ్యాన్, లుడాక్రిస్, స్కార్‌ఫేస్... అందరూ తమ సొంత ముఖాలతో, సొంత గొంతులతో బరిలోకి దిగారు. ఈ పేర్లు మనకు కొత్తేమో కానీ ముఖాలు కొత్త కాదు. జెట్‌లీ ‘రోమియో మస్ట్ డై’, ‘క్రేడిల్ టు ద గ్రేవ్’లలో కనిపించే డీఎంఎక్స్‌ని, ‘ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్’ సినిమాల్లో కార్లు తోలే లుడాక్రిస్‌ని కేబుల్ టీవీ పుణ్యమా అని మనవాళ్లూ చూసే ఉంటారు.

రేవు దగ్గర ఫోన్లు... అప్పట్లో కార్డులు

ముక్తేశ్వరం రేవులో పంటు కోసం ఎదురుచూసే కుర్రాళ్ల చేతుల్లో ఇప్పుడు సెల్‌ఫోన్లుంటాయి. గోదారి దాటి కోటిపల్లి ఒడ్డు చేరేలోపు ఓ ఆట ముగించేయగలరు. వాళ్ల నాన్నలకు ఆ భోగం లేదు. ఇప్పుడు ముప్పైల చివర్లోనో నలభైల్లోనో ఉన్నవాళ్లని కదిపి చూడండి. డబ్ల్యూడబ్ల్యూఎఫ్ ట్రంపు కార్డుల గురించి అరగంట చెబుతారు. ఎత్తెంత, బరువెంత, ఛాతీ కొలతెంత, ర్యాంకెంత... క్షణాల్లో అప్పజెప్పేవారు. ఎక్కాలు అలా అప్పజెప్పి ఉంటే ఆ ఇళ్లలో గొడవలే ఉండేవి కాదు. అండర్‌టేకర్‌కి ఏడు ప్రాణాలన్న మాట ఊరూరా పాకింది. ఎవరు పుట్టించారో తెలీదు, నమ్మనివాడు మాత్రం లేడు. అక్షయ్‌కుమార్ 1996లో ‘ఖిలాడియోం కా ఖిలాడీ’ సినిమాలో అండర్‌టేకర్‌ని ఎత్తి పడేసినప్పుడు కన్నీళ్లు పెట్టుకున్న పిల్లలూ ఉన్నారు. పాపం, ఆ సినిమాలో ఉన్నది అసలాయన కాదు. ఆయన వేషంలో ఉన్న బ్రయాన్ లీ అనే మరో మల్లుడు!

2002లో పాండాల సంస్థతో కోర్టు తగాదాలో ఓడి డబ్ల్యూడబ్ల్యూఎఫ్ కాస్తా డబ్ల్యూడబ్ల్యూఈ అయింది. అదే ఏడాది టెన్ స్పోర్ట్స్ ఛానెల్ వచ్చింది. కార్డుల్లో బొమ్మలుగా ఉన్నవాళ్లు రోజూ ఇంట్లో కదలసాగారు. ఆ వెనకే ప్లేస్టేషన్ 2 దిగింది. ఇంట్లో కొనుక్కునే స్తోమత ఎందరికుంటుంది? పట్నాల్లో గంటకింతని తీసుకుని ఆడనిచ్చే దుకాణాలు వెలిశాయి. ముక్తేశ్వరంలాంటి ఊళ్ల పిల్లలకు అమలాపురమో కాకినాడో రాజమండ్రో వెళ్లినప్పుడే ఆ అదృష్టం. చేతిలో కంట్రోలరు, గోడ మీద గడియారం... రెండిటి మధ్యా ప్రాణం గిలగిల్లాడేది. కవరు మీద జిరాక్సు బొమ్మ అంటించిన నకలు డిస్కులే ఎక్కువ. అలా మనదాకా వచ్చినవాటిలో ఈ పాటగాళ్ల కుస్తీ ఒకటి.

ఇక్కడో తమాషా. ‘వెండెట్టా’ వచ్చిన ఆ 2003 ఏప్రిల్ నెలలోనే తెలుగు తెర మీదా బరి గోదాలే! భార్య వైద్యం కోసం డబ్బుకి కొట్లాటల్లో దిగే హీరోగా పవన్‌కల్యాణ్ ‘జానీ’, కిక్ బాక్సరుగా రవితేజ ‘అమ్మ నాన్న ఓ తమిళ అమ్మాయి’ వారం తేడాలో వచ్చాయి. ఒకటి ఆడలేదు, ఒకటి ఇరగాడింది. గాలిలోనే ఏదో ఉన్నట్టుంది ఆ ఏడాది.

హాస్టల్ గదిలో పుట్టిన కంపెనీ

అసలీ ‘డెఫ్ జామ్’ అంటే ఏమిటి? అదో పాటల కంపెనీ. 1984లో న్యూయార్క్ విశ్వవిద్యాలయం హాస్టల్ గదిలో రిక్ రూబిన్ అనే విద్యార్థి మొదలుపెట్టాడు. రసెల్ సిమన్స్ అనే ఆయన జతకలిశాడు. ఎల్‌ఎల్ కూల్ జె అనే కుర్రాడి పాటతో నిలదొక్కుకుని, బీస్టీ బాయ్స్, పబ్లిక్ ఎనిమీ లాంటి బృందాలతో హిప్‌హాప్ అంటే డెఫ్ జామే అన్నంతగా ఎదిగింది.

హిప్‌హాప్ పుట్టుక ఇంకా పాతది. 1973 ఆగస్టు 11న బ్రాంక్స్ పేటలో కూల్ హెర్క్ అనే డీజే చేసిన పార్టీని దాని పుట్టినరోజుగా చెప్పుకుంటారు. అప్పట్లో బ్రాంక్స్ అంటే కాలిపోయిన మేడలు, వీధికో ముఠా. కత్తులతో తేల్చుకునే పంతాలను కుర్రాళ్లు మెల్లగా పాటలతో, డాన్సులతో తేల్చుకోవడం మొదలుపెట్టారు. ‘నువ్వో పదం అను, నేను రెండంటా’ అన్నట్టు సాగే ఆ పోటీనే ‘బ్యాటిల్’ అన్నారు. మన తిరుపతి వేంకట కవుల అవధానాల రోజుల్లో కవుల మధ్య నడిచిన వాదాలు గుర్తున్నవాళ్లకి ఇది వింతగా తోచదు. తిట్టులోనూ ఛందస్సు తప్పకూడదు, అంతే!

అయితే అన్ని పంతాలూ పాటతో ఆగలేదు. 1996లో టుపాక్, 1997లో నటోరియస్ బిగ్ తుపాకులకు బలయ్యారు. 2002 అక్టోబరులో రన్ డీఎంసీ బృందానికి చెందిన జామ్ మాస్టర్ జేని ఆయన స్టూడియోలోనే కాల్చి చంపారు. ఆ నెత్తురు ఆరకముందే, అదే ప్రపంచంలోని గాయకులు ఒకరినొకరు కొట్టుకునే ఆట బజారులోకి వచ్చింది. ఇది తలచుకున్నప్పుడల్లా కాస్త ఇబ్బందిగానే ఉంటుంది. ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. ఈ ఆట ఆడేవాడి చేతికి తుపాకీ ఇవ్వదు. పట్టు పట్టాలి, పడగొట్టాలి, లేదా పడిపోవాలి.

పట్టులోనే ఉంది గుట్టు

ఆటని అమ్మింది అమెరికా కంపెనీ ఎలక్ట్రానిక్ ఆర్ట్స్. వాళ్ల దగ్గర అంతకుముందు డబ్ల్యూసీడబ్ల్యూ అనే కుస్తీ సంస్థ పేరుతో ఆటలు చేసుకునే హక్కులుండేవి. 2001లో ఆ సంస్థని ప్రత్యర్థి కొనేసింది. దాంతో బరి ఉంది, మల్లులు లేరు! ఇంకోవైపు జపాన్‌లో ‘ఆకి’ అనే చిన్న కంపెనీ. 2000లో వచ్చిన ‘డబ్ల్యూడబ్ల్యూఎఫ్ నో మెర్సీ’ వాళ్ల చేతి పనే. కుస్తీ ఆటల్లో అంతకు మించింది లేదనే అభిమానులు ఇప్పటికీ ఉన్నారు. పనితనం ఒకరిది, పెట్టుబడి ఒకరిది, పేర్లూ పాటలూ డెఫ్ జామ్‌వి. మూడూ కలిస్తే ‘వెండెట్టా’.

ఆకి వాళ్ల గొప్పేమిటంటే... మామూలు కొట్లాట ఆటల్లో బటన్లు టకటకా నొక్కినవాడిదే రాజ్యం. వీళ్ల ఆటలో అలా నొక్కితే మట్టి కరుస్తారు. పట్టు బటన్‌ని అలా తాకి వదిలితే తేలిక పట్టు. నొక్కి ఉంచితే గట్టి పట్టు. పట్టు చిక్కాక ఏ దిక్కుకి తోసి ఏ బటన్ నొక్కుతామన్నదాన్ని బట్టి విసురు మారుతుంది. గట్టి పట్టుతో నష్టం ఎక్కువ, కానీ పట్టడానికి అరక్షణం ఆలస్యమవుతుంది. ఆ అరక్షణంలోనే ఎదుటివాడు దెబ్బేసేయొచ్చు, లేదా మన పట్టునే మనమీదికి తిప్పేయొచ్చు. అంటే తొందరపడేవాడికీ కాచుకునేవాడికీ మధ్య పందెమన్నమాట. తాలింఖానాల్లో మట్టి పూసుకుని కుస్తీ పట్టిన పెద్దవాళ్లెవరైనా ఈ ఆట చూస్తే ‘ఇదేదో మనదే’ అనుకుంటారు. బలం ఉన్నంత మాత్రాన చాలదు, అదును తెలియాలి.

ఇంకొకటి. బాగా ఆడుతుంటే తెర మీద ఓ గీత నిండుతూ వస్తుంది. ఒకే దెబ్బ పదేపదే కొడితే నిండదు, చూసేవాళ్లకి హుషారొచ్చేలా ఆడాలి. నిండిందంటే ‘బ్లేజిన్’. అప్పుడు పట్టు పట్టి చిన్న పుల్లను ఒక్క తోపు తోస్తే ఆ గాయకుడికే ప్రత్యేకమైన విసురు బయటికొస్తుంది. ఎముకలు విరుగుతున్న చప్పుడు, వెనకాల అతని పాట... చూస్తున్న స్నేహితులు మంచం మీంచి ఎగిరి కిందపడేవారు.

కథ మాత్రం పాత సినిమా కథే. డి-మాబ్ అనే విలన్, అతని కింద దొంగచాటు పోటీలు, హీరో స్నేహితుడు ఆపదలో పడటం. అందులో ఆడపిల్లలు హీరో కోసం తమలో తాము కొట్టుకోవడం ఒకటి... దాన్ని ఎంత మెచ్చుకునేవాళ్లయినా ఈరోజు సమర్థించలేరు. పాడే ఆడవాళ్లు అమెరికాలో అప్పటికే ఎందరో ఉండగా వాళ్లని బహుమతుల్లా చూపించడం కథ రాసినవాళ్ల బద్ధకం.

బరి తీసేసి గుంపుని పెట్టారు

ఏడాదిన్నరకల్లా, 2004 సెప్టెంబరులో రెండో ఆట వచ్చింది. ‘డెఫ్ జామ్ ఫైట్ ఫర్ న్యూయార్క్’. కుస్తీ ఆటల గురించి మాట్లాడుకునేవాళ్లు ముందు చెప్పుకునేది దీని పేరే. మొదలే చమత్కారం. పోలీసులు డి-మాబ్‌ని తీసుకుపోతుంటే ఎవడో వచ్చి కారుతో గుద్ది విడిపించుకుపోతాడు. ‘వాడెలా ఉంటాడు?’ అని పోలీసు చిత్రకారుడు అడుగుతాడు. ముక్కు, కళ్లు, గెడ్డం... ఆడేవాడే చెప్పాలి. ఆ గీసిన బొమ్మే మన ఆటగాడు!

ఈసారి తాళ్లు కట్టిన బరి లేదు. క్లబ్బులు, గోదాములు, భూగర్భ రైల్వేస్టేషన్లు. వీధి కొట్లాట, కిక్ బాక్సింగ్, మార్షల్ ఆర్ట్స్, కుస్తీ, మెలికపట్లు అని ఐదు విద్యలు. మూడింటిదాకా కలిపి నేర్వొచ్చు. విలన్‌గా స్నూప్‌డాగ్ దిగాడు. అదే, 2008లో ‘సింగ్ ఈజ్ కింగ్’ పాటలో తలపాగాతో కనిపించి మనవాళ్లని మురిపించాడే, ఆయనే. ఐస్-టీ, బస్టా రైమ్స్, ఫ్యాట్ జో, షాన్ పాల్, లిల్ కిమ్... చాంతాడంత జాబితా.

అన్నిటికన్నా పెద్ద మార్పు జనం. చుట్టూ నిలబడ్డవాళ్లు చూస్తూ ఊరుకోరు. మీదికి తోస్తే ఒకడు వెనకనుంచి రెక్కలు విరిచి పట్టుకుంటాడు. ఇంకొకడు చేతికి కర్ర అందిస్తాడు. మెళ్లో ఖరీదైన గొలుసు, మంచి చొక్కా ఉంటే జనం మనవైపు మొగ్గుతారు. అది నిజంగా లెక్కలో కలుస్తుంది. నగలమ్మేందుకు న్యూయార్క్‌లో పేరుమోసిన వజ్రాల వ్యాపారి ‘జాకబ్ ద జ్యువెలర్’ స్వయంగా ఆటలో దర్శనమిస్తాడు.

చుట్టూ జనం, మధ్యలో యోధుడు, తాళం వేసే మోత... ఇది చూస్తుంటే కోనసీమవాళ్లకి గుర్తుకు రావలసింది న్యూయార్క్ కాదు. అమలాపురం దసరా! వీధివీధికీ ఓ వాహనం ఊరేగుతుంటే దాని ముందు నడిచే ‘చెడీ తాలింఖానా’. 1856లో అబ్బిరెడ్డి రామదాసు దీనికి శ్రీకారం చుట్టారని చెబుతారు. డప్పులు ఒక ఊపు అందుకున్నాక కర్రసాము, కత్తిసాము మొదలవుతాయి. కళ్లకు గంతలు కట్టుకున్నవాడు పడుకున్న మనిషి ఒంటిమీద కూరగాయ పెట్టి కత్తితో రెండు ముక్కలు చేస్తాడు. గీత పడదు. జనం ఊపిరి బిగబడతారు, ఆ వెంటనే ఈలలు. కుర్రాడికి దెబ్బ ఎలా వెయ్యాలో నేర్పడానికి ముందు దెబ్బ ఎక్కడ ఆపాలో నేర్పుతారు గురువులు. వీధికీ వీధికీ పంతం ఉంటుంది, కానీ గెలిచేది ఎదుటివాణ్ని పడగొట్టి కాదు, వాళ్లకంటే బాగా చేసి చూపించి. బ్రాంక్స్ కుర్రాళ్లు 1970ల్లో కనిపెట్టుకున్న కిటుకు ఇక్కడ వందేళ్ల ముందే ఉంది. ఇంత సరంజామా ఉన్నా ఏ ఆటలవాళ్ల కళ్లూ ఇటు పడలేదు.

ముక్కలైన పాట

మూడోది 2007లో వచ్చిన ‘డెఫ్ జామ్ ఐకాన్’. ఈసారి ఆకి లేదు. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ వాళ్ల షికాగో బృందం చేసింది. పాట దరువు పడినప్పుడల్లా గోడలు అదరడం, పెట్రోలు బంకు పేలడం, ఆ పేలుడులోకి ఎదుటివాణ్ని విసరడం... ఊహ గొప్పదే. చూడ్డానికి కళ్లు చెదిరేలా ఉండేది. కానీ పట్టులో ఆ పాత రుచి లేదు. అభిమానులు పెదవి విరిచారు. ఆ ఏడాది నవంబరులో షికాగో బృందాన్నే మూసేశారు. 2010లో ‘డెఫ్ జామ్ ర్యాప్‌స్టార్’ అని మైకు పట్టుకుని పాడే ఆట ఒకటి వేరే కంపెనీ తెచ్చింది. పాటగాళ్లు మళ్లీ పాటకే వచ్చారన్నమాట!

ఆ తర్వాత ఆ వరసలో కుస్తీ ఆట రాలేదు. పాతవాటిని కొత్త యంత్రాల కోసం మెరుగుపెట్టి తేనూ లేదు. సినిమా అయితే ప్రింటు కడిగి మళ్లీ విడుదల చేస్తున్నారు కదా, దీనికేం రోగం అనిపిస్తుంది. చిక్కంతా హక్కులది. ఒక్కో గాయకుడి ముఖానికి ఓ ఒప్పందం, గొంతుకి ఓ ఒప్పందం. పాటకి రాసినవారు, కూర్చినవారు, రికార్డు కంపెనీ, అందులో వాడుకున్న పాత పాట ముక్క తాలూకు వారసులు... ఇంతమందీ మళ్లీ సంతకం పెట్టాలి. డీఎంఎక్స్ 2021 ఏప్రిల్ 9న కన్నుమూశాడు. వెండెట్టా కోసం ఆయన ఇచ్చిన గొంతు ఇప్పుడు పాత డిస్కుల్లోనే ఉంది. డిస్కు గీతలు పడితే అంతే సంగతులు. అందుకే విదేశాల్లో ‘ఫైట్ ఫర్ న్యూయార్క్’ పాత డిస్కుని కొత్తగా అమ్మినప్పటి ధరకన్నా ఎక్కువ పెట్టి కొనేవాళ్లున్నారు. మన నకలు డిస్కులు ఏ పాతసామాన్లవాడి బస్తాలోకో ఎప్పుడో వెళ్లిపోయాయి.

పిల్లల చేతికివ్వొచ్చా?

అమ్మానాన్నలకు వచ్చే అనుమానం ఇదే. అమెరికాలో ఆటల మీద వయసు ముద్ర వేస్తారు. ‘వెండెట్టా’కి టీనేజీ పిల్లల ముద్ర, ‘ఫైట్ ఫర్ న్యూయార్క్’కి 17 ఏళ్లు దాటినవాళ్ల ముద్ర పడింది. రెండోదాంట్లో బూతులున్నాయి, రైలు వస్తుండగా మనిషిని పట్టాల మీదికి తోసే వీలుంది. కాబట్టి హైస్కూలు పిల్లలకి అది వద్దు, సందేహమే లేదు. మన దుకాణాల్లో అప్పట్లో ఆ ముద్ర ఎవరు చూశారు? జిరాక్సు కవరు మీద అది అచ్చు కూడా అయ్యేది కాదు. ఇప్పుడు ఫోనులో దించుకునే ఆటలకు వయసు రాసే ఉంటుంది. చూసేవాళ్లే తక్కువ. పిల్లాడి పక్కన పది నిమిషాలు కూర్చుని ఒక ఆట ఆడితే చాలు, ముద్ర చెప్పనివి కూడా తెలిసిపోతాయి. ఓడిపోతారనుకోండి, అది వేరే సంగతి.

హైదరాబాదు హనుమంతుడు, క్లేర్‌మాంట్ రాజకుమారి

మనవాళ్లు ప్లేస్టేషన్ 2కి ఆటలు చేయలేదా అంటే, చేశారు. 2009లో వచ్చిన ‘హనుమాన్: బాయ్ వారియర్’ హైదరాబాదుకి చెందిన అరోనా టెక్నాలజీస్ చేసిందే. ఇలాంటి యంత్రం కోసం పూర్తిగా మన దేశంలో తయారైన తొలి ఆటగా దాన్ని చెప్పుకున్నారు. ఆట నాణ్యతకు మార్కులు పడలేదు, దేవుణ్ని బటన్లతో ఆడించడమేమిటని విదేశాల్లో అభ్యంతరాలూ వచ్చాయి. ఆ రోజుల్లోనే హైదరాబాదు కంపెనీ గేమ్‌శాస్త్ర ‘దేశీ అడ్డా’ పేరుతో కబడ్డీ, గాలిపటాలు, బిళ్లంగోడులాంటి మన ఆటలను తెచ్చింది.

ఇక పాట సంగతి. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం క్లేర్‌మాంట్‌లో తెలుగువారింట పుట్టిన శ్వేత యల్లాప్రగడ రావు, కూచిపూడి నేర్చుకుని పెరిగింది. ‘రాజకుమారి’ పేరుతో ర్యాప్ గాయని అయింది. 2024లో వచ్చిన ‘ఆర్కేన్’ రెండో భాగంలో ఆమె పాట ఉంది. ఆ సిరీస్‌కి మూలం ‘లీగ్ ఆఫ్ లెజెండ్స్’ అనే వీడియోగేమే. మెథడ్‌మ్యాన్ తరంలో ఆటలో చోటు దొరకాలంటే కండలు చూపించాల్సి వచ్చింది. ఈమెకి గొంతు సరిపోయింది.

హిప్‌హాప్‌నీ కుస్తీనీ నిజంగా ఒక్క ఒంట్లో కలిపినవాడు జాన్ సీనా. మెళ్లో గొలుసు, తల మీద టోపీ, బరిలో ప్రత్యర్థిని ర్యాప్‌లో ఏకేసి ఆ తర్వాత కొట్టేవాడు. 2005లో సొంతంగా ఆల్బమ్ కూడా చేశాడు. ఆయన 2023 సెప్టెంబరు 8న హైదరాబాదు వచ్చి గచ్చిబౌలిలో కుస్తీ పట్టాడు. స్టేడియం పేరు జి.ఎం.సి.బాలయోగి ఇండోర్ స్టేడియం. కోనసీమలోని ఎదుర్లంకలో పుట్టి, లోక్‌సభ స్పీకరై, 2002 మార్చిలో హెలికాప్టర్ ప్రమాదంలో పోయిన మన బాలయోగి పేరే. ట్రంపు కార్డులతో పెరిగినవాళ్లు ఆ రోజు పిల్లల్ని భుజాలకెత్తుకుని వెళ్లారు.

అన్నట్టు, జపాన్‌లోని ఆకి ఏమైంది? 2007లో ‘సిన్ సోఫియా’ అని పేరు మార్చుకుంది. ఎముకలు విరిచే ఆటలు చేసిన ఆ చేతులే మరుసటి ఏడాది నిన్‌టెండో కోసం అమ్మాయిలకు బట్టల కొట్టు ఆట చేశాయి. వచ్చిన ఖాతాదారుకి ఏ గౌను నప్పుతుందో, ఏ గొలుసు బావుంటుందో ఎంచిపెట్టాలి. అది బాగా నడిచి వరసగా మరికొన్ని భాగాలూ వచ్చాయి. మంచి చొక్కా, మెళ్లో గొలుసు ఉంటే జనం మనవైపు మొగ్గుతారన్న లెక్క ‘ఫైట్ ఫర్ న్యూయార్క్’ చేసినప్పుడే వాళ్లకి వంటబట్టి ఉంటుంది!